ఏడింటికల్లా

డిసెంబరు మొదటి ఆదివారం మా లెక్కలో నక్కలు రెండు, ముంగిసలు ఐదు, చెవులపిల్లులు నాలుగు. జనవరి రెండో ఆదివారానికి నక్క ఒకటి, ముంగిస ఒకటి, చెవులపిల్లి సున్నా. పిట్టలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గాల్లో ఎగిరేవి బాగానే ఉండి, నేల మీద నడిచేవే తగ్గిపోతున్నాయంటే కారణం నేల మీదే ఉండాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినా అర్థమయ్యే విషయం ఇది. నాకూ అర్థమైంది. అయినా వెంకట్రామయ్య బాబాయ్ మాట నమ్మి ఊరుకున్నాను.

నా పేరు మాబున్నీసా. గురజాల దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు టీచర్ని, జీవశాస్త్రం చెబుతాను. నా కోపం సంగతి ఊరందరికీ తెలుసు. ల్యాబులో గాజు గొట్టం పగలగొట్టినవాడు ఎవడైనా సరే, వాడే చీపురు పట్టుకుని ఊడ్వాలి. పక్కవాడు సాయం చేస్తే ఇద్దరికీ శిక్షే. అదీ గంట కొట్టేలోపు పూర్తి కావాలి. చేసినవాళ్లే బాగుచేయాలి, చెప్పిన టైముకు చేయాలి. ఇరవై రెండేళ్లుగా ఈ రెండు మాటలతోనే బతుకుతున్నాను. ఇంట్లో మా ఆయన మౌలాలీ కూడా ఈ రెండింటికీ లోబడే ఉంటాడు.

చలికాలంలో ఆదివారం పొద్దున్నే నడిచి, కనిపించిన పిట్టల్నీ జంతువుల్నీ నోట్‌బుక్కులో రాసుకోవడం నాలుగేళ్లుగా నా అలవాటు. తోడు సుందరరావన్న వస్తాడు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. కళ్లు సరిగా ఆనవు గానీ చెవులు గట్టివి. నేను బైనాక్యులర్సు పెట్టి వెతుకుతుంటే, ఆయన నిలబడిన చోటే నిలబడి “కుడిచేతి పక్క తుమ్మలో ఉందమ్మా” అంటాడు. నిజంగానే ఉంటుంది. అది చూసి నాకు ఒళ్లు మండుతుంది.

జనవరి మొదటి ఆదివారం, మేం ఎప్పుడూ నడిచే దారిలో, వెంకట్రామయ్య బాబాయ్ మొక్కజొన్న చేను పక్కన ఒక ముంగిస చచ్చి కనిపించింది. ఒంటి మీద గాయం లేదు. మూతి దగ్గర మాత్రం వెంట్రుకలు మాడి ఉన్నాయి. సుందరరావన్న దాన్ని చేతికర్రతో తిప్పి చూసి, “కరెంటమ్మా” అన్నాడు.

అప్పుడే బాబాయ్ గట్టు మీద ఎదురొచ్చాడు. నిలదీశాను. ఆయన దాచలేదు. రాత్రి అడవిపందులు కొండ దిగి మందలుగా వస్తున్నాయి, ఒక్క రాత్రిలో అరెకరం తొక్కేశాయి, డబ్బాలు మోగించినా టపాకాయలు కాల్చినా లెక్క చేయడం లేదు, అందుకని చేను చుట్టూ తీగ కట్టాను అన్నాడు.

“మనిషి తగిలితే ఏంది బాబాయ్?”

“రాత్రి పూట చేలోకి ఎవరొస్తారమ్మా? రాత్రి టర్న్ ఉన్న వారమే కడతా. నాలుగింటికల్లా కరెంటు పోయిద్ది. ఇంక తీగ చచ్చినట్టే. నేనొచ్చి ఎనిమిదింటికి చుట్టేసి ఇంటికి తీసకపోతా. పొద్దున నడిచేవాళ్లకి ఏం గాదు.”

మా వైపు పొలాలకు మోటార్ల కరెంటు ఒక వారం రాత్రిపూట, ఒక వారం పగటిపూట ఇస్తారు. దాన్నే టర్న్ అంటారు. రాత్రి టర్న్ అయితే పది నుంచి నాలుగు దాకా, పగలు టర్న్ అయితే పొద్దున ఏడు నుంచి. అందుకని తీగ కట్టిన ఎవ్వరూ దాన్ని స్టార్టరు పెట్టె నుంచి ఊడదీయరు. కరెంటే పోతుంది కదా, వేరే ఆపడం ఎందుకన్నది వాళ్ల ధీమా. పోయిన చలికాలం పక్క మండలంలో ఒక మనిషి ఇలాగే పోయాడని సుందరరావన్న గుర్తుచేశాడు. బాబాయ్ తల దించుకున్నాడు. “ఇంక కట్టను టీచరమ్మా. నీ మీద ఒట్టు” అన్నాడు. వాళ్ల దేవిక నా దగ్గరే చదువుకుంది. తండ్రీ కూతుళ్లిద్దరికీ నేనంటే ఒకటే భయం.

ఆ ఒట్టును నమ్ముకుని మూడో ఆదివారం మళ్లీ బయల్దేరాం.

ఆరు గంటలకు ఊరు దాటేసరికి పొగమంచు కమ్ముకుని ఉంది. మిర్చి కల్లాల మీద కప్పిన పట్టాలు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. కావలి మనుషులు దుప్పట్లు ముసుగేసి పడుకున్నారు. కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. నల్ల ఏట్రింతలు మూడు. జొన్న చేలో ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చే గులాబీరంగు గోరింకలు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా వాలాయి. నూట యాభై అని రాసుకున్నాను. నీళ్ల కాలవ అంచున తోకాడించుకుంటూ జిట్టంగి పిట్ట. దాన్ని చూస్తే ఎప్పుడూ నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

“కౌజులు అరవటం లేదమ్మా” అన్నాడు సుందరరావన్న.

“చలికి ముడుచుకుని ఉంటాయిలే అన్నా.”

“నక్క గూడా కూయలా. రాత్రి మెలకువొచ్చి చానాసేపు విన్నా.”

మిగిలిన ఆ ఒక్క నక్క నాకు బాగా తెలిసినది. ఆడది. ఎడమ చెవి చిరిగి ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను. నాపరాళ్ల గట్టు మీద నిలబడి మా ఇద్దర్నీ తేరిపార చూసి, వీళ్లతో పనేముందన్నట్టు మెల్లగా వెళ్లిపోయేది. దాన్ని చూడని ఆదివారం నాకు మధ్యాహ్నం దాకా ఏదో వెలితిగా ఉండేది.

మొక్కజొన్న చేను కాస్త దూరంలో ఉండగానే తీతువు పిట్ట లేచి గోల మొదలుపెట్టింది. సుందరరావన్న ఆగిపోయాడు.

“తీతువు కూస్తంది. మంచిది గాదమ్మా. వెనక్కి పోదాం పా.”

“నీకు అరవై ఎనిమిదేళ్లొచ్చినా బుద్ధి రాలేదన్నా. అది నేల మీద తిరిగే పిట్ట. దాని చోటులోకి ఎవరొచ్చినా అరుస్తుంది. మనమొచ్చాం, అరిచింది. మనం పోతే ఊరుకుంటుంది. అంతే.”

‘తీతువులు రెండు’ అని గట్టిగా నొక్కి రాశాను. నేను చెప్పినట్టే, మేం దాటగానే అది ఊరుకుంది. ఆ చిన్న గెలుపుకు కూడా నాకు సంతోషం వేసింది.

గట్టు మలుపులో చెవులపిల్లి పడి ఉంది. కాళ్లు చాపుకుని, కళ్లు తెరుచుకుని. పది అడుగుల అవతల ముంగిస. ఇంకో పది అడుగుల అవతల ఒక పిల్ల పంది, బిగుసుకుపోయి. మూడూ ఒకే వరసలో ఉన్నాయి. అడవిలో ఏ చావూ ఇలా గీత గీసినట్టు ఉండదు. ఆ గీత వెంట చూస్తూ పోతే, మంచులో సన్నగా మెరుస్తూ తీగ కనిపించింది. జానెడు వెదురు పుల్లలకు చుట్టి, మోకాలి కిందుగా, చేను పొడవునా లాగి ఉంది.

“ఆగమ్మా! ముట్టుకోమాక!” అని సుందరరావన్న నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. తర్వాత స్టార్టరు పెట్టె ఉన్న వైపు నన్నే చూడమన్నాడు. “పెట్టె మీద ఎర్రలైటుందా?”

“లేదు.”

“అయితే కరెంటు లేదు. అయినా సరే, దూరంగా నడువు.”

దూరంగా నడవడం నా వల్ల కాలేదు. తీగ కింద, చేను మూల, ఆడనక్క ఉంది. చిరిగిన చెవి పైకే ఉంది. ఒంటి మీద మంచు తెల్లగా పేరుకుంది. అంటే రాత్రి నుంచీ అక్కడే ఉంది. చన్నులు పాలతో నిండి ఉన్నాయి. ఎక్కడో గుట్ట మీద బొరియలో పిల్లలు ఉండి ఉంటాయి.

నేను ఏడ్చాను. దాపరికం ఎందుకు, గట్టిగానే ఏడ్చాను. సుందరరావన్న పక్కకు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఏడుపు ఆగింది, దాని చోట్లో కోపం వచ్చింది. నా మీద ఒట్టేసి, పదిహేను రోజులు తిరక్కుండానే ఇంత తీగ మళ్లీ లాగాడా! తను ఏమంటే అది నమ్మే వెర్రిదాన్నని అనుకున్నాడా!

“ఫ్యూజులు పీకేసి, తీగ మనమే చుట్టి పక్కన పడేద్దామమ్మా. పావుగంట పని” అన్నాడు సుందరరావన్న.

“మనమెందుకు చుట్టాలి? కట్టినవాడే విప్పుతాడు.”

అన్ని మూలల నుంచీ ఫొటోలు తీశాను. తర్వాత ఫోన్ చేశాను. టైము ఆరూ ముప్ఫై ఐదు.

బాబాయ్ నిద్రమత్తులోనే ఎత్తాడు. “ఏంది టీచరమ్మా, ఇంత పొద్దున్నే?”

“నీ చేలో ఉన్నాను బాబాయ్. నీ తీగ దగ్గర.”

అవతల మంచం కిర్రుమంది. గొంతులో నిద్రమత్తు పోయింది. “అమ్మా, అది గాదు… మొన్న రాత్రి ముప్పై పందులొచ్చినయ్యి. మా ఆడమనిషి ఏడుస్తా కూచుంది. ఈ ఒక్క వారం కట్టుకుంటే కంకి గట్టిపడిద్దని…”

“కంకుల సంగతి నాకొద్దు. ఇప్పుడు నా ఫోన్లో పది ఫొటోలున్నాయి. ఏడింటికల్లా నువ్వొచ్చి, నీ చేత్తో నువ్వే ఈ తీగ మొత్తం తీసేయాలి. తీశావా, ఊరుకుంటా. ఏడింటికి ఇది ఇక్కడే ఉంటే ఫారెస్టు వాళ్లకు పంపేస్తా. జైల్లో కూర్చుంటావు.”

“వద్దమ్మా, దణ్ణం పెడతా. ఎనిమిదింటికి ఎట్లాగూ వస్తాగా…”

“ఏడింటికల్లా అన్నాను.”

“సరేనమ్మా. కరెంటు నాలుగింటికే పోయిందిలే, తీగ చచ్చే ఉంటది. మీరు భయపడమాకండి. ఇదిగో, బయల్దేరుతున్నా.”

ఫోన్ పెట్టేశాక నా ఒళ్లు కాస్త చల్లబడింది. సుందరరావన్న మాత్రం చేతికర్రతో మట్టిలో గీతలు గీస్తూ నిలబడ్డాడు. “మనం ఇక్కడే ఉందామమ్మా. ఆయనొచ్చేదాకా” అన్నాడు.

“ఎందుకూ? నేను కాపలా ఉంటే నాకు భయపడి తీసినట్టు అవుతుంది. తిరిగొచ్చి చూస్తాగా, తీశాడో లేదో.” పిల్లల్ని తరగతిలో వదిలేసి స్టాఫ్ రూముకు వెళ్లి, చివరి నిమిషంలో వచ్చి చూడడం కూడా నా పద్ధతే.

క్వారీ గుంట వైపు నడిచాం. ఎప్పుడో నాపరాయి తవ్వి వదిలేసిన గుంట అది, వానకు నిండి చెరువులా అయింది. చలికాలం వలస బాతులు దిగుతాయి. చేనుకు అర కిలోమీటరు కూడా ఉండదు గానీ మంచులో ఏదీ కనిపించడం లేదు. నీళ్ల మీద నల్లటి చుక్కలు కదులుతున్నాయి. ఇరవై రెండు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెడితే పంతొమ్మిది. మనసు నిలవడం లేదు. బొరియలో పిల్లలు కళ్ల ముందు కదులుతున్నాయి. వాటి సంగతి ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను.

చేను వైపు నుంచి తీతువు మళ్లీ గోల మొదలుపెట్టింది.

“విన్నావా అన్నా? బాబాయ్ వచ్చాడు” అన్నాను. ఫోన్ చూస్తే ఏడుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. చెప్పిన టైముకన్నా ముందే వచ్చాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. భయపెడితే గానీ ఎవరూ వినరని మా హెడ్మాస్టరుతో నేను ఎప్పుడూ అనే మాట.

తీతువు చాలాసేపు అరిచింది. ఆయన చేను చుట్టూ తిరుగుతూ పుల్లలు పీకుతున్నాడు, తీగ చుట్టుకుంటున్నాడు, ఆ పిట్ట తల మీద తిరుగుతూ తిడుతోంది. నాకు అదంతా చూస్తున్నట్టే ఉంది. బాతులు ఇరవై ఒకటి అని రాసి, పక్కన తేదీ వేశాను.

అప్పుడు ఎక్కడో ఒక మోటారు గుయ్యిమంది. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత కుడివైపు, ఎడమవైపు, వెనక నుంచి, మంచులో కనపడని పొలాలన్నిట్లో మోటార్లు వాటంతటవే లేచి తిరగడం మొదలుపెట్టాయి. బోరు గొట్టాల్లోంచి నీళ్లు దుమికే చప్పుడు.

సుందరరావన్న తల ఎత్తాడు. “ఇప్పుడు మోటార్లేందమ్మా?”

“కరెంటొచ్చిందేమో.”

“రాత్రి టర్న్ గదా…” అని ఆగిపోయాడు. చేను వైపు తిరిగాడు. “ఇయ్యాల ఆదివారమమ్మా. టర్న్ మారే రోజు. ఇయ్యాల్టి నుంచి పగలు టర్న్.”

ఫోన్లో సరిగ్గా ఏడు.

వారంలో మిగతా ఆరు రోజులూ నాలుగింటికి పోయిన కరెంటు మళ్లీ రాత్రి దాకా రాదు. టర్న్ మారే ఈ ఒక్క ఆదివారమే నాలుగింటికి పోయి ఏడింటికి వస్తుంది. ఆ సంగతి పొలం చేసే ప్రతి మనిషికీ తెలుసు. బాబాయ్‌కి నాకన్నా బాగా తెలుసు. కానీ నిద్రలో లేపి, జైలని బెదిరించి, పరిగెత్తించింది నేను. ఆ మనిషికి వారం గుర్తు చేసుకునే తీరిక ఎక్కడ ఇచ్చాను?

ఫోన్ చేస్తూనే పరిగెత్తాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. “పెట్టెలో ఫ్యూజులు పీకాలమ్మా, ముందు ఫ్యూజులు!” అని అరుస్తూ సుందరరావన్న వెనక వస్తున్నాడు. నాపరాళ్లు తగిలి ఒకసారి పడ్డాను. చేను దగ్గరకు వచ్చేసరికి తీతువు చప్పుడు లేదు. లోపల ఎవరైనా తిరుగుతుంటే అది ఊరుకోదు. దాని తీరు నాకు తెలుసు, నేనే కదా సుందరరావన్నకు పాఠం చెప్పింది.

మంచులోంచి గుడిగంటల రింగుటోను వినిపిస్తోంది. నేను చేసిన ఫోనే. మోగి మోగి ఆగింది. వేలు ఆగక మళ్లీ నొక్కాను. మళ్లీ మోగింది.

గట్టు మీద చెప్పుల జత కనిపించింది, పక్కపక్కనే, నీటుగా. పంట చేలోకి చెప్పులతో దిగే అలవాటు బాబాయ్‌కి లేదు. తడి నేలలోకి వట్టి కాళ్లతో దిగాడు.

“ఉన్న చోటే ఉండు! అడుగు ముందుకెయ్యమాక!” సుందరరావన్న అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ వయసులో గట్టు దూకి, పెట్టె దగ్గరికి పోయి, ఫ్యూజులు పీకి కాలవలోకి విసిరేశాడు. వెంకట్రామయ్య మోటారు ఆగింది. అప్పుడు కదలమన్నాడు.

మూడు వంతులు చుట్టేశాడు. చుట్ట ఎడమ భుజానికి తగిలించుకుని ఉన్నాడు. కుడిచేతి గుప్పిట్లో తీగ. మిగిలింది ఆ చివరి మూలే. ఆడనక్కకు మూడు బారల దూరంలో పక్కకు ఒరిగి ఉన్నాడు. సుందరరావన్న గుండె మీద రెండు చేతులు వేసి నొక్కాడు, నోట్లో గాలి ఊదాడు, మళ్లీ నొక్కాడు. పశువుల్నీ మనుషుల్నీ ఎంతోమందిని చూసిన చేతులు ఆయనవి. చాలాసేపటికి ఆపి, అక్కడే మట్టిలో కూర్చున్నాడు. నేను నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

“ఎనిమిదింటికి వచ్చుంటే మోటారు తిరగటం చూసేవాడు” అన్నాడు సుందరరావన్న, ఎటో చూస్తూ. “చూసి, టర్న్ మారిందని గుర్తు చేసుకునేవాడు.” నన్ను అనాలని అనలేదు. అలా నోటికి వచ్చేసింది.

ఇంతలో గట్టు మీద ఎవరో వస్తున్న అడుగులు వినిపించాయి. బాబాయ్ భార్య, పార్వతమ్మ పిన్ని. చేతిలో ఆయన మంకీ క్యాప్ ఉంది. మమ్మల్ని చూసి నవ్వబోయి, తర్వాత కింద చూసింది.

ఆ అరుపు గురించి రాయను. మోటార్ల చప్పుడు దాటి కల్లాల దాకా వినిపించిందట. అక్కడి నుంచి మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు. వాళ్లు వచ్చే లోపల మేం ముగ్గురమే ఉన్నాం. పిన్ని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. మంకీ క్యాప్ తొడిగి, చెవుల మీదికి లాగి సర్దింది.

“చలికి ఆగలేడు. చెవులు నొప్పంటాడు” అంది. తర్వాత నా వైపు చూసింది. “పొద్దున్నే ఎవరో ఫోన్ చేశారు టీచరమ్మా. ఎవరయ్యా అంటే చెప్పలా. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి అరుగు మీద పెట్టి పోయాడు. ఎవరో నీకు తెల్సా?”

సుందరరావన్న నా వైపు చూసి, అడ్డంగా తల ఊపాడు. చెప్పొద్దని. “ఎవరో మిరగాయల బేరానికి చేసుంటారులేమ్మా” అని ఆమెకు సర్దిచెప్పబోయాడు.

ల్యాబులో గాజు గొట్టం పగిలినప్పుడు, ఎవరు పగలగొట్టారో చెప్పేదాకా నేను ఎవర్నీ బయటికి పోనివ్వను. అందరూ తల దించుకుని నిలబడతారు. ఆ నిలబడడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

“నేనే పిన్నీ. ఏడింటికల్లా వచ్చి తీగ తీయమని నేనే చెప్పాను.”

ఆమె కొడుతుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. అవేవీ చేయలేదు. ఆయన భుజాన ఉన్న తీగ చుట్టను చూసింది, ఖాళీ అయిన గట్టును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

“చెప్పిన టైముకే వచ్చాడు గదా టీచరమ్మా” అంది.